గూడు కోసం పెట్టే రూపాయి: హోటలా, క్యాంపా, పొలమా, పట్టానా?

మా నాన్నమ్మ మంచం కింద ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. 1960ల్లో రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చేసినప్పుడు ఆవిడ వెంట వచ్చిన సామాను అదొక్కటే. తర్వాత శ్రీకాకుళంలో సొంత గోడలు లేచాయి, కోడళ్లొచ్చారు, బీరువా వచ్చింది. ఆవిడ చీరలు మాత్రం పెట్టెలోంచి బీరువాలోకి మారలేదు. ఎందుకని అడిగితే "మళ్లీ ఎప్పుడు లెగమంటారో ఎవుడికి తెలుసు" అనేది.

కాందిశీకులు అన్న మాట మనం తేలిగ్గా వాడేస్తాం గానీ, ఆవిడ భయమంతా ఆ మాటలోనే ఉంది. "ఏ దిక్కుకి పోను?" అని సంస్కృతంలో అడిగే ప్రశ్న నుంచి పుట్టిందది.

ఉద్యోగరీత్యా పాతికేళ్లకు పైగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పునరావాసం ఫైళ్ల మధ్యే బతికాను. రిటైరయ్యాక నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి లండన్ పక్కన ఉండే మా మేనల్లుడిది. "మావయ్యా, మేం కట్టే ట్యాక్సులతో వచ్చినవాళ్లందర్నీ హోటళ్లలో పెట్టి మేపుతున్నారు, ఇదేమైనా బాగుందా?" రెండోది రిజర్వాయర్ కిందో, ఎయిర్‌పోర్టు కిందో ఊరు పోయినవాళ్లది. "బాబూ, ఇల్లు తీసుకోమంటారా, డబ్బులు తీసుకోమంటారా?"

పైకి రెండింటికీ పొంతన లేదు. కానీ రెండిట్లోనూ తేల్చాల్సింది ఒకటే. గూడు పోయిన మనిషి కోసం ప్రభుత్వం ఒక రూపాయి తీసిందనుకోండి. అది అద్దెగా పోవాలా, నెలసరి భత్యంగా పోవాలా, భూమిగా మారాలా, నేరుగా చేతికి రావాలా? నా కొలత మొరటుగా ఉంటుంది. పదో ఏడు వచ్చేసరికి ఆ రూపాయి ఎవరి దగ్గర మిగిలిందో చూస్తాను. ఇల్లు గలవాడి దగ్గరా, కాంట్రాక్టర్ దగ్గరా, లేక ఆ కుటుంబం దగ్గరా?

పోలిక మొదలుపెట్టే ముందు పేర్లు కలగాపులగం కాకుండా చూసుకోవాలి. పరాయి దేశం వచ్చి ఆశ్రయం ఇవ్వమని దరఖాస్తు పెట్టి, జవాబు కోసం కూర్చున్నవాడు ఆశ్రయం కోరేవాడు. జవాబు అవునని వచ్చాక అతను శరణార్థి. సొంత దేశంలోనే డ్యామ్ కోసమో రోడ్డు కోసమో ఊరు వదిలినవాడు నిర్వాసితుడు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థుల కోసం విడిగా చట్టమూ లేదు. అందుకే ఇక్కడ ఎవరికి ఏం దక్కుతుందన్నది ఆయా ప్రభుత్వాల నిర్ణయాన్ని బట్టే ఉంటుంది. నిర్వాసితుడికి మాత్రం 2013 భూసేకరణ చట్టం ఉంది. అడిగి తీసుకునే హక్కుంది. ఈ తేడా చివర్లో పనికొస్తుంది.

హోటల్ దారి

పెళ్లికి షామియానా, కుర్చీలు, గిన్నెలు అద్దెకు తెస్తాం. మూడు రోజులకి అదే చవక. ఆ గిన్నెలతోనే మూడేళ్లు కాపురం చేస్తే? బ్రిటన్‌లో జరిగింది అదే.

దరఖాస్తులు తేలడం ఆలస్యమైంది, పంపడానికి ఖాళీ ఇళ్లు చాలలేదు, దాంతో తాత్కాలికం అనుకున్న హోటళ్లు మామూలు ఏర్పాటైపోయాయి. 2019 నుంచి 2029 దాకా వసతి కాంట్రాక్టులకి 450 కోట్ల పౌండ్లు అవుతుందని మొదట లెక్కేశారు. 2025 మేలో వాళ్ల జాతీయ ఆడిట్ సంస్థ ఆ లెక్క 1,530 కోట్లకు చేరేలా ఉందని చెప్పింది. అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది. 2024-25లో వసతి పొందినవాళ్లలో హోటళ్లలో ఉన్నది 35 శాతమే, ఖర్చులో వాటి వాటా మాత్రం 76 శాతం.

మా మేనల్లుడికి ఇది పంపితే "చూశావా, నేను చెప్పలేదూ" అన్నాడు. సగం నిజమే చెప్పాడు. కాకపోతే ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయిందన్నది వేరే సంగతి. భోజనం పెట్టే హోటల్లో ఉన్న మనిషి చేతికి వారానికి పది పౌండ్లు కూడా రావు. దరఖాస్తు పెట్టిన ఏడాది దాకా పని చేసుకోవడానికి అనుమతి ఉండదు, ఆ తర్వాతా కొన్ని పనులకే. మిగతాదంతా కాంట్రాక్టు కంపెనీలకి, హోటల్ యజమానులకి. మేపుతున్నది ఎవర్నో అక్కడ చూడాలి.

హోటళ్లు వద్దనుకుని పెద్ద స్థలాలు వెతికినప్పుడూ తొందరే కొంప ముంచింది. బెక్స్‌హిల్ దగ్గర నార్త్‌ఐ అనే పాత జైలు స్థలాన్ని 2023లో ప్రభుత్వం 1.54 కోట్ల పౌండ్లకు కొంది. అంతకు ఏడాది ముందు దాన్ని అమ్మినవాళ్లు కొన్నది 63 లక్షలకే. ఆస్‌బెస్టాస్ కాలుష్యం ఉందని కొనకముందే వచ్చిన హెచ్చరికని పట్టించుకోలేదు. ఆశ్రయం కోరేవాళ్లని అందులో ఉంచిందీ లేదు. పోర్ట్‌లాండ్ రేవులో బిబ్బీ స్టాక్‌హోమ్ అనే బార్జిని కట్టేసి మనుషుల్ని ఉంచిన ముచ్చట కూడా 2023 ఆగస్టు నుంచి 2024 నవంబర్ దాకానే సాగింది. స్థలం కొనే తొందర్లో విచారణని పక్కన పెడితే ఏమవుతుందో మన రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. శరణు కోరి వచ్చినవాళ్ల మీద మొదటి 12 నెలలు పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని విదేశీ సాయం కింద రాసుకోవచ్చని సంపన్న దేశాల మధ్య ఒక నిబంధన ఉంది. దాని ప్రకారం 2023లో బ్రిటన్ తన విదేశీ సాయంలో 27.9 శాతం, అంటే సుమారు 430 కోట్ల పౌండ్లు, సొంత దేశంలోనే ఖర్చు పెట్టుకుంది. పేద దేశం పేరు రాసిన కవరు, డబ్బు పోయింది సొంత ఊరి హోటల్‌కి.

అదే బ్రిటన్ యుక్రెయిన్ వాళ్ల విషయంలో వేరే దారి తొక్కింది. ఇంట్లో ఒక గది ఇచ్చి ఉంచుకున్న కుటుంబానికి కృతజ్ఞతగా నెలకు 350 పౌండ్లు ఇచ్చింది. వచ్చినవాళ్లకి పని చేసుకునే హక్కు మొదటి రోజు నుంచే ఉంది. తేడా డబ్బులోనే కాదు, ఆ అనుమతిలోనూ ఉంది. ఇక జర్మనీది లెక్కల పద్ధతి. ఏ రాష్ట్రం ఎంతమందిని తీసుకోవాలో ఒక సూత్రం ఉంటుంది. దాంట్లో మూడింట రెండు వంతులు పన్నుల రాబడిని, ఒక వంతు జనాభాని బట్టి. 2024 నుంచి కొత్తగా దరఖాస్తు పెట్టే ప్రతి మనిషికీ ఏడాదికి 7,500 యూరోలు కేంద్రం రాష్ట్రాలకి ఇచ్చేలా ఒప్పుకున్నారు. మనిషి లెక్కన డబ్బు వస్తుందని తెలిస్తే కింది ఆఫీసు ముందే ఏర్పాట్లు చూసుకోగలదు. ఆ సంగతి ఫైలు మోసినవాడిగా చెబుతున్నాను.

అద్దె దారి పూర్తిగా తప్పని నేను అనను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు విరుచుకుపడినప్పుడు ఆ రాత్రికి కావాల్సింది తల మీద కప్పు, పట్టా కాదు. స్కూలు భవనమైనా ఆ రోజుకి మేడే. కానీ అద్దె కాగితం మీద ఆఖరి తేదీ లేకపోతే మాత్రం దాన్ని నమ్మకండి.

క్యాంపు, నెలనెలా భత్యం

1983 నుంచి శ్రీలంక తమిళులు పడవల్లో తమిళనాడు చేరారు. రాష్ట్రమంతా వందకు పైగా క్యాంపులు వెలిశాయి. పది అడుగులకి పది అడుగుల గదులు, నెలనెలా భత్యం, రేషన్. నిజం చెప్పాలంటే చాలా దేశాల కంటే మనవాళ్లు మర్యాదగానే చూశారు. పిల్లలకి బడి, కాలేజీ అందాయి. కానీ తాత్కాలిక గది కాబట్టి దానికి రిపేర్లూ తాత్కాలికమే. ఆ గదుల్లో పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలూ అక్కడే పుట్టారు.

2021లో తమిళనాడు ప్రభుత్వం 317 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 7,469 ఇళ్లు కొత్తగా కట్టడానికి 231.54 కోట్లు. భాగించి చూడండి, ఇంటికి సరిగ్గా 3 లక్షల 10 వేలు. అప్పుడే భత్యం కూడా పెంచి ఇంటిపెద్దకి 1,500, మిగతా పెద్దవాళ్లకి 1,000, పిల్లలకి 500 చేశారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకు 3,500, ఏడాదికి 42 వేలు. అంటే ఒక ఇల్లు ఏడేళ్ల నాలుగైదు నెలల భత్యంతో సమానం. ఆ క్యాంపులు మొదలై అప్పటికి 38 ఏళ్లు.

భత్యం మానేసి ఇల్లు కట్టాలని కాదు నేననేది. భత్యం లేకపోతే ఆ పూటకి పొయ్యి వెలగదు. "వీళ్లు రేపోమాపో వెళ్లిపోతారు" అన్న ఊహ మీద ఏటా బడ్జెట్ వేసుకుంటూ పోవడం వల్ల, ఎనిమిదో ఏడు కట్టాల్సిన గోడ ముప్పై ఎనిమిదో ఏట లేచింది. మన గవర్నమెంటు భాషలో "తాత్కాలిక" అన్న మాట ఎంత పొడుగో నాకు తెలుసు. నేను చూసిన ఒక తాత్కాలిక షెడ్డులో చింతచెట్టు మొలిచి, కాయలు కూడా కాసింది.

భూమి ఇచ్చి దూరంగా పంపేయడం

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు బొబ్బిలి, పార్వతీపురం దాటాక రాయగడ మీదుగా అడవుల్లోకి పోతుంది. ఆ లైను చివర, రాయపూర్ దగ్గర మానా. ఇప్పుడక్కడ ఎయిర్‌పోర్టు. ఒకప్పుడు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల్ని ముందు ఉంచే పెద్ద క్యాంపు. అక్కడి నుంచి వాళ్లని దండకారణ్యానికి పంచారు.

1958లో కేంద్రం దండకారణ్య అభివృద్ధి సంస్థని పెట్టింది. అప్పటి కోరాపుట్ జిల్లాలోని మల్కన్‌గిరి, ఉమర్‌కోట్, అటు బస్తర్‌లోని పరల్‌కోట్, కొండగావ్ ప్రాంతాల్లో అడవి కొట్టి ఊళ్లు కట్టారు. ఊళ్లకి పేర్లు పెట్టే ఓపిక కూడా లేకపోయింది. ఎంవీ-1, ఎంవీ-2 అంటూ నంబర్లు, ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్. ఇప్పటికీ మల్కన్‌గిరి బస్సుల్లో ఆ నంబర్లే ఊరి పేర్లుగా వినిపిస్తాయి.

కాగితం మీద ఇది మిగతా పథకాలన్నిటి కంటే ఉదారమైనది. భూమి, ఇల్లు, అప్పు, ఎడ్లు. కానీ ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది నది ఒడ్డున, ఏటా ఒండ్రు పడే పల్లంలో వరి పండించినవాళ్లు. వాళ్లకి దక్కింది వాన తప్ప వేరే నీరు లేని మెట్ట. మన వంశధార ఆయకట్టు రైతుని తీసుకెళ్లి సీతంపేట కొండవాలులో దింపి, "ఇదిగో ఆరెకరాలు, బతుకు" అన్నట్టు. సాగునీటి ప్రాజెక్టులు వెనకాల ఎప్పుడో నడుచుకుంటూ వచ్చాయి. ఈలోపు విసిగిన వేల కుటుంబాలు 1978లో మూటలు కట్టుకుని మళ్లీ బెంగాల్ దారి పట్టాయి. సుందరవనాల్లోని మరిచ్‌జాపి దీవిలో సొంతంగా గుడిసెలు, బడి కట్టుకున్నారు. 1979లో ముందు దిగ్బంధం, తర్వాత పోలీసు బలంతో ఖాళీ చేయించడం. ఎంతమంది పోయారో ఇప్పటికీ వాదన తెగలేదు.

అక్కడే ఉండిపోయినవాళ్లు నీళ్లొచ్చాక నిలదొక్కుకున్నారు. ఈ పథకం పూర్తిగా చెడిందనడం కూడా సరికాదు. అయితే ఇంకో పక్క ఉంది, దాన్ని ఎవరూ ఖర్చులో కలపరు. ఆ అడవి ఖాళీ అడవి కాదు, కోయలు, ఇతర ఆదివాసీలు తిరిగిన నేల. ఒకడి గూడు కట్టడానికి ఇంకొకడి చెట్టు కొట్టినప్పుడు ఆ బాకీ కాగితంలో కనిపించదు. ఇళ్ల స్థలాల కోసం బంజరు వెతికేటప్పుడు ఆ బంజరులో ఎవరి పశువులు మేస్తున్నాయో అడగాల్సింది అందుకే.

కలిపి ఉంచడం

పర్లాకిమిడి దాటి మోహన మీదుగా ఒడిశాలోని చంద్రగిరి వెళ్లినవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉంటారు. జిరంగ్‌లో టిబెటన్ల బౌద్ధ ఆరామం చూసి, ఫొటోలు దిగి, మోమోలు తిని వచ్చేస్తాం. ఆ ఆరామం 2010లో ప్రారంభమైంది గానీ, టిబెటన్లు అక్కడికి వచ్చింది 1963లో. కర్ణాటకలో వాళ్ల ఇంకో కాలనీ బైలకుప్పె అంతకు రెండు మూడేళ్ల ముందే మొదలైంది.

వీళ్లకీ అడవే ఇచ్చారు, కొండే ఇచ్చారు. మరి దండకారణ్యంలో వచ్చిన చిక్కు ఇక్కడ ఎందుకు అంతగా రాలేదు? నాకు తోచింది ఇది. వీళ్లని చెదరగొట్టకుండా ఒకేచోట ఉంచారు. బడి, గుడి, సహకార సంఘం, ఆసుపత్రి వాళ్ల చేతుల్లోనే నడిచాయి. మొక్కజొన్న పండని ఏడు స్వెటర్ల వ్యాపారానికి ఊళ్లు తిరగడానికి ఒకరికొకరు పెట్టుబడి సర్దుకున్నారు. చల్లటి కొండ కావడం కూడా కలిసొచ్చింది.

లోపం కూడా ఉంది. ఆ భూమి లీజుది, సొంతం కాదు. అరవై ఏళ్లు దున్నినా బ్యాంకులో తాకట్టు పెట్టే కాగితం చేతిలో లేదు. చదువుకున్న పిల్లలు బెంగళూరుకో, విదేశాలకో పోతున్నారు. నా పదో ఏటి కొలతలో దీనికి మంచి మార్కులు పడతాయి, అరవయ్యో ఏటికి మాత్రం తగ్గుతాయి.

అప్పు, ఉద్యోగం, కాలనీ: బర్మా వాళ్ల కథ

మన వైపు నుంచి కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల మీదుగా రంగూన్ పోయిన కూలీలకి లెక్కలేదు. అక్కడ మనల్ని కోరంగీలు అనేవారు. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. మిగిలినవాళ్లు, మళ్లీ వెళ్లినవాళ్లు 1964లో అక్కడి నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక వరుసగా ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిందే.

మా తాతకి దక్కింది కాలనీలో స్థలం, చిన్న వ్యాపారానికి అప్పు. అప్పు చెక్కు చేతికొచ్చేసరికి ఏడాది దాటింది. ఏ ఆఫీసని ఇప్పుడు అనుకుని లాభం లేదు. ఆ ఏడాది మా కుటుంబం నాన్నమ్మ వండిన అటుకుల నూడుల్స్ మీద బతికింది. అంటే బర్మా ఖౌస్వే చేయబోయి, సామాను దొరక్క, అటుకులతో చేసిన ఏదో వంటకం. సాయంత్రాలు బండి మీద అమ్మేవారు. అప్పు వచ్చాక బండి కాస్తా బడ్డీ అయ్యింది.

ఇలా తిరిగొచ్చినవాళ్లకి అప్పులివ్వడానికే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. కేంద్రంతో పాటు దక్షిణాది రాష్ట్రాలు వాటాలు వేసుకున్నాయి. ఇప్పటికీ నడుస్తోంది. ఈ దారిలో నాకు నచ్చేది అదే. ఇచ్చిన రూపాయి తిరిగొచ్చి ఇంకొకడికి పోతుంది. కానీ వ్యాపారం తెలిసిన చేతికే ఇది పనిచేస్తుంది. రేవులో మూటలు మోసిన మనిషికి అప్పు ఇస్తే, అప్పే మిగులుతుంది. మా కాలనీలో అలాంటి ఇళ్లూ ఉన్నాయి.

కొంచెం కొంచెం అన్నీ: బ్రూ ఒప్పందం

ఈ మధ్య మన దేశంలో జరిగినవాటిలో నాకు లెక్క సరిగ్గా అనిపించింది 2020 జనవరి నాటి బ్రూ ఒప్పందం. మిజోరం నుంచి 1997లో పారిపోయి త్రిపుర క్యాంపుల్లో 20 ఏళ్లకు పైగా ఉన్న సుమారు 34 వేల మంది బ్రూ తెగవాళ్లకి 600 కోట్లు. కుటుంబానికి 1,200 చదరపు అడుగుల స్థలం, ఇంటికి లక్షన్నర, పేరు మీద 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5,000, రెండేళ్లు ఉచిత రేషన్.

ఇందులో భత్యానికి ఆఖరి తేదీ ఉంది. స్థలం ఉంది. డబ్బు చేతిలో పెట్టకుండా డిపాజిట్లో పెట్టారు. మనకి తెలిసిన కొలతలో 1,200 చదరపు అడుగులంటే రెండుమ్ముప్పావు సెంట్లు. 2020లో మన రాష్ట్రంలో పల్లెల్లో పంచిన ఇళ్ల స్థలం సెంటున్నర. ఆ సెంటుంబావు తేడా ఎంత పెద్దదో ఇక్కడ చెప్పాలి.

నిర్వాసితుల కాలనీ ఒకదానికి మొన్న వేసవిలో వెళ్లాను. సిమెంటు రోడ్డు, ట్యాంకు, వరసగా రంగులేసిన ఇళ్లు. ఒక ఇంటి ముందు కరెంటు స్తంభానికి గేదె కట్టి ఉంది. స్తంభం చుట్టూ ఎత్తరుగులా పేడ పేరుకుపోయింది. రోడ్డు మీద కుడితి తొట్టి, దానికి ఆటో తగలకుండా రెండు రాళ్లు. ఇంటామె వయసు అరవై ఉంటుంది. నన్ను చూసి ఇంకా ఆఫీసులోనే ఉన్నాననుకుంది.

"ఇల్లయితే ఇచ్చినారు బాబూ, కాదన్ను. గేదెనెక్కడ కట్టమంటారు?"

పశువుల కొట్టానికి చట్టంలో కనీసం 25 వేలు ఇవ్వాలని ఉందమ్మా అన్నాను.

"డబ్బులిచ్చినారు. కొట్టం ఏసుకోడానికి చోటేదీ?"

నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ల సర్వీసులో కొట్టానికి డబ్బు రాసిన ఫైలు చూశాను, చోటు రాసిన ఫైలు చూసినట్టు గుర్తు లేదు.

మరి మీ వంతు వస్తే

ఇక్కడి నుంచి రెండో ప్రశ్నకి జవాబు. వంశధార రిజర్వాయర్ కోసం హిరమండలం వైపు ఊళ్లు లేచాయి. నాగావళి మీద తోటపల్లి, దాని ఉపనది సువర్ణముఖి మీద మడ్డువలస కట్టినప్పుడు లేచాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు కోసం నాలుగు పల్లెలు గూడెపువలస, లింగాలవలస కాలనీలకి మారాయి. ఇంకా లేవాల్సిన ఊళ్లు ఉంటాయి. 2013 చట్టం కింద పల్లెలో ఇల్లు పోయినవాళ్లకి కట్టిన ఇల్లు ఇవ్వాలి. ఇల్లు వద్దు, దాని ఖరీదు ఇవ్వండని అడిగే వీలు కూడా ఉంది. సొంత స్థలం లేకపోయినా మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. అద్దెకున్నామని నోరు మూసుకోవద్దు.

నా సలహా సూటిగా చెబుతాను. మీకు పశువులుంటే, వల ఉంటే, మగ్గం ఉంటే, పనిముట్టు ఏదైనా చోటు తినేదైతే, ముందు స్థలం సెంట్ల మీద పోట్లాడండి, ఇల్లు ఎలా ఉంటుందన్నది తర్వాత. ఇల్లు పదేళ్లకి పెంచుకోవచ్చు, స్థలం పెరగదు. మీ పని ఇప్పటికే టౌన్‌లో ఉంటే, పిల్లలు విశాఖలో ఉంటే, కాలనీ మీ పనికి దూరమైతే, ఖరీదు తీసుకుని పనికి దగ్గర స్థలం చూసుకోవడం మేలు. కానీ బేరం కుదిరాకే డబ్బు డ్రా చేయండి. ఊరి మొత్తానికి ఒకేసారి డబ్బు పడిన వారం చుట్టుపక్కల సెంటు ధర ఎలా ఎగురుతుందో నేను కళ్లారా చూశాను. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు మాత్రం డబ్బు వైపు వెళ్లకపోవడమే మంచిది. కొడుకు బైక్ షోరూమ్ మీదుగా వెళ్లే డబ్బు ఇంటికి చేరదు. ఈ మాట కొంతమందికి కోపం తెప్పిస్తుందని తెలుసు.

ఉద్యోగం ఇవ్వలేని చోట ఒకేసారి 5 లక్షలా, నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లా అన్న ఎంపిక కూడా వస్తుంది. నెలసరి కలిపితే 4 లక్షల 80 వేలే కనిపిస్తుంది గానీ, అది వ్యవసాయ కూలీల ధరల సూచీని బట్టి పెరగాలి. 5 లక్షలు బ్యాంకులో ఆరున్నర శాతానికి వేస్తే నెలకు సుమారు 2,700 వడ్డీ. ధరలు ఏటా 5 శాతం పెరిగితే నెలసరి మొత్తం ఆ 2,700ని దాటడానికి ఆరేడేళ్లు పడుతుంది. అసలు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. లెక్క ప్రకారం ఒకేసారి తీసుకోవడమే లాభం, ముట్టుకోకుండా ఉంచగలిగితే. ఉంచలేమని మీకే తెలిస్తే నెలసరి తీసుకోండి, అందులో సిగ్గుపడేదేం లేదు.

ఊరంతా ఒకే కాలనీకి వెళ్లగలిగితే వెళ్లండి. చంద్రగిరికీ దండకారణ్యానికీ తేడాలో సగం అదే. వీధిని చీల్చి రెండు కాలనీలకి పంచుతామంటే గ్రామసభలో గట్టిగా అడ్డు చెప్పండి. అలాగే ఇంట్లో 18 నిండిన పిల్లలుంటే, పెళ్లయినా కాకపోయినా వాళ్లది విడి కుటుంబం కింద లెక్క. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు కూడా అంతే. మన వైపు యూత్ ప్యాకేజీ (18 నిండినవాళ్లకి విడిగా ఇచ్చేది) అంటూ జరిగిన గొడవలన్నీ ఏ తేదీకి 18 నిండాలన్న కటాఫ్ దగ్గరే. సర్వేకి వచ్చిన రోజు ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని గుమ్మంలో ఉండండి. వలస వెళ్లిన కొడుకుని ఆ వారానికి పిలిపించండి, బస్సు చార్జీ కంటే పోయేది చాలా ఎక్కువ.

పునరావాసంలో డబ్బు భాగం అవార్డు, అంటే ఎవరికెంతో తేల్చే కలెక్టర్ ఉత్తర్వు, వచ్చిన ఆరు నెలల్లో ఇవ్వాలి. కాలనీలో రోడ్డు, నీళ్లు, బడి లాంటివి 18 నెలల్లో. రిజర్వాయర్ అయితే ముంపుకి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలి. ఇది అధికారి దయ కాదు, చట్టంలో రాసిన గడువు. బోరింగ్ వేయకుండా తాళాలు ఇస్తామంటే తీసుకోకండి.

మొత్తం తక్కువనిపిస్తే డబ్బు వద్దని తిప్పి పంపక్కర్లేదు. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రసీదు మీద రాసి తీసుకోండి. అలా రాయకుండా తీసుకుంటే తర్వాత భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అవార్డు చెప్పినప్పుడు మీరు అక్కడే ఉంటే దరఖాస్తుకి గడువు ఆరు వారాలే. సెలవులు, పండగలు ఆ లెక్కలో కలిసిపోతాయి, సంక్రాంతి ముందు వచ్చిన అవార్డైతే ఇంకా జాగ్రత్త.

పట్టా ఇచ్చే రోజు ఫొటోగ్రాఫర్ ఉంటాడు, తొందరపెడతారు. అయినా అక్కడే నిలబడి చదవండి, లేదా చదివించుకోండి. సర్వే నంబరు, ప్లాటు నంబరు, సెంట్లు చూడండి. భార్యాభర్తలిద్దరి పేర్లా ఇవ్వడానికి చట్టంలో వీలుంది. ఆవిడ పేరు లేకపోతే రాయించుకున్నాకే వేలిముద్ర వేయండి.